మంగళవారం ఇవ్వని టీసీ

నేను టీసీ రాసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మా బడిలో అందరికీ ఇది తెలుసు. పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్ కూడా, నేను పెన్ను కింద పెట్టేదాకా తలుపు దగ్గర ఆగి అప్పుడే లోపలికి వస్తారు. పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, రెండు పుట్టుమచ్చలు, తండ్రి పేరు, చివరగా చదివిన తరగతి, ప్రవర్తన. వీటిలో ఒక్కటి తప్పు పడినా ఆ పిల్లవాడు ఇరవై ఏళ్ల తర్వాత ఏ పాస్‌పోర్టు ఆఫీసులోనో నిలబడి నన్ను తిట్టుకుంటాడు. కొట్టివేతలున్న టీసీ నా చేతి నుంచి ఒక్కటీ బయటికి పోలేదు. గొప్పలు చెప్పుకోవడం కాదు, కావాలంటే బీరువా తీసి పుస్తకాలు చూసుకోవచ్చు.

మా బడి తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ గేటు వైపు వెళ్లే దారిలో ఒక సందులో ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా. పిల్లల్లో సగం మంది క్యాంపస్ వాళ్లే. క్వార్టర్లలో ఉండే ఉద్యోగుల పిల్లలు, హాస్టల్ మెస్సుల్లో వంట చేసేవాళ్ల పిల్లలు, పీహెచ్‌డీ చేస్తూనే పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ల పిల్లలు. పీహెచ్‌డీ ఎప్పటికి పూర్తవుతుందో వాళ్లకే తెలియదు కాబట్టి టీసీ ఎప్పుడడుగుతారో మాకూ తెలియదు. జూన్ వచ్చిందంటే మాత్రం నా కిటికీ ముందు వరస తప్పదు. ప్రవర్తన గడిలో నేను అందరికీ 'బాగుంది' అనే రాస్తాను. ఒకసారి మార్పుకోసం 'సంతృప్తికరం' అని రాస్తే ఒక తండ్రి పోట్లాటకు వచ్చాడు. మావాడు ఏం చేశాడని అంత మాట రాశారని. అప్పటి నుంచి మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఇక నా పట్టింపు సంగతి చెప్పాలి. మాది నంద్యాల పక్క. మా ఆయనకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం కాబట్టి సీతాఫల్‌మండిలో కాపురం పెట్టాం. ఊరు మారినా మా అమ్మ నేర్పినవి కొన్ని నాతోనే వచ్చాయి. మంగళవారం, శుక్రవారం ఇంటి పిల్లను బయటికి పంపకూడదు అన్నది వాటిలో ఒకటి. అత్తగారింటికైనా అంతే, హాస్టలుకైనా అంతే. ఈ బళ్లో గుమాస్తాగా చేరిన మొదటి ఏడు ఒక పిల్లవాడికి మంగళవారం టీసీ ఇచ్చాను. వారం తిరక్కుండా జామచెట్టు మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చెట్టెక్కినవాడు బుధవారం పడినా చెయ్యి విరుగుతుంది. ఆ మాత్రం నాకు తెలియక కాదు. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మంగళవారం, శుక్రవారం నా చేతి మీదుగా టీసీ బయటికి వెళ్లలేదు.

అడిగినవాళ్లకు ఇదంతా చెప్పలేం కదా. అందుకని ఒక మాట తయారు చేసి పెట్టుకున్నాను. "పెద్ద మేడం సంతకం కాలేదు, రేపు రండి." ఒక్కరోజే కదా అని జనం వెళ్లిపోయేవాళ్లు. పెద్ద మేడానికి ఈ సంగతి తెలియదు. మా ఆయమ్మకు మాత్రం తెలుసు. మంగళవారం ఎవరైనా టీసీ అడిగితే నా వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకుంటుందేమో, అనుకోనీ అని ఊరుకున్నాను.

ఆరేళ్ల కింద ఒక అమ్మాయి మా బళ్లో నాలుగు పూర్తి చేసింది, అదీ జూన్ నెలే. వాళ్ల నాన్న క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్సులో వంట చేస్తాడు. సిద్దిపేట వైపు ఊరు, రెండెకరాలు తమ్ముడికి వదిలేసి ఇక్కడికి వచ్చినవాడు. మెస్సు వెనక ఒకటే గది. ఆ పిల్ల మెస్సు మెట్ల మీద కూర్చుని చదువుకునేది. దాని నోటుబుక్కు తెరిస్తే తాలింపు వాసన వస్తుందని టీచర్లు నవ్వుకునేవాళ్లు. గురుకులం పరీక్ష రాసి ఐదో తరగతికి సీటు తెచ్చుకుంది. తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లవే, పైగా ఇంటర్ దాకా చూసుకోనక్కర్లేదు. ఆ బడి వాళ్ల జిల్లాలోనే ఉంది, రెండు బస్సులు మారాలి.

తండ్రీకూతుళ్లు వచ్చింది మంగళవారం పదకొండింటికి.

"నమస్తే మేడం. బిడ్డకు గురుకులంల సీటొచ్చింది. టీసీ గావాలె. రేపు సాయంత్రం ఐదు దాకనే టైమంట. నిన్ననే వద్దామంటే మెస్సుల ఇంకో వంటాయన రాలే, ఇడిసిపెట్టి వచ్చేటట్టు లేకుండె."

పిల్ల మెడలో నల్లదారానికి చిన్న తాళంచెవి వేలాడుతోంది. ఏమిటది అని అడిగాను. రేకుపెట్టెది అంది. పెట్టె కొన్నారట, పైన పేరు రాయించారట, దానికింద ఐదో తరగతి అని కూడా రాయించారట. రెండు దుప్పట్లు, పళ్లెం, గ్లాసు, బకెట్, పెట్టెకు తాళం, అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. అంత మాట్లాడే పిల్ల కాదు ఎప్పుడూ.

"సంతోషం. పెద్ద మేడం సంతకం కావాలి, రేపు పొద్దున పదింటికి రండి. రాసి ఉంచుతాను" అన్నాను.

ఆయన బతిమాలతాడేమో అనుకున్నాను. బతిమాలలేదు. "సరే మేడం, రేపే వస్తం తియ్యండి" అన్నాడు వెంటనే.

పిల్ల మాత్రం కదల్లేదు. "ఇయ్యాలనే ఇయ్యండి మేడం. రేపు లేటుగ పోతే కిటికీ కాడి మంచం దొరకదు."

"ఒక్కరోజుకు ఏమీ కాదు పాపా" అన్నాను.

ఆ సమయంలో పెద్ద మేడం పక్క గదిలోనే ఉన్నారు. పరీక్ష పేపర్ల కట్ట ముందు పెట్టుకుని, చేతిలో పెన్నుతోనే ఉన్నారు. మధ్య ఉన్నది ఒక్క తలుపు.

సాయంత్రం ఇంటికి వెళ్లి చీర కూడా మార్చుకోలేదు, ఫోనులో సందేశం వచ్చింది. విద్యార్థి సంఘాలు విద్యాసంస్థల బంద్‌కు పిలుపునిచ్చాయి, రేపు బడి సెలవు. యూనివర్సిటీ పక్కన బడి అంటే ఇవన్నీ మామూలే. ఏడాదికి నాలుగైనా ఉంటాయి, పిల్లలు పండగలా ఎదురుచూస్తారు. నాకు మాత్రం ఆ పిల్ల మెడలో తాళంచెవి గుర్తొచ్చింది. పెద్ద మేడానికి ఫోన్ చేశాను.

"రేపు తలుపు తెరిచేది లేదు. పోయినసారి తెరిస్తే నోటీసు బోర్డు అద్దం పోయింది. గురువారం ఇద్దాం" అన్నారావిడ.

"రేపే ఆఖరు మేడం, ఆ పిల్లకు."

"మరి ఈరోజెందుకు ఇవ్వలేదు? నేను నాలుగింటిదాకా అక్కడే ఉన్నాను కదా!"

"వాళ్లు ఆలస్యంగా వచ్చారు" అన్నాను. తడుముకోకుండా అనేశాను. ఒక అబద్ధానికి తోడు ఇంకొకటి ఎంత తేలిగ్గా వస్తుందో ఆరోజు తెలిసింది.

పొద్దున ఏడున్నరకల్లా మల్కాజ్‌గిరిలో ఆవిడ ఇంటి ముందు ఉన్నాను. బీరువా తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. మోకాళ్ల నొప్పితో ఆవిడ రాలేనన్నారు, నేను బతిమాలితే తాళాలిచ్చి, రాసి తీసుకొస్తే ఇక్కడే సంతకం పెడతానన్నారు. నేను తార్నాక చేరేసరికి తండ్రీకూతుళ్లు తాళం వేసిన గేటు ముందున్నారు. బంద్ సంగతి తెలిసి ఆరున్నరకే వచ్చారట. పిల్ల రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఆకుపచ్చ పెట్టె, తెల్లరంగు అక్షరాలు. క్యాంపస్ వైపు నుంచి నినాదాలు వినపడుతున్నాయి. జెండాలు కట్టిన బైకులు నాలుగు వచ్చి, మా గేటుకు తాళం ఉందో లేదో చూసుకుని వెళ్లిపోయాయి. అవి మలుపు తిరిగేదాకా ఆగి, వెనక గేటు తెరిచాను.

కిటికీ మూసి, లైటు వేసుకుని టీసీ రాయడం మొదలుపెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. బయట ఏ చప్పుడైనా బైకేమో అని తలెత్తుతూ రాశాను. పుట్టిన సంవత్సరం అక్షరాల్లో రాసేచోట తప్పు రాశాను. అన్నేళ్లలో మొదటిసారి. దిద్దితే అక్కడివాళ్లు ఒప్పుకోరని దాన్ని రద్దుచేసి, రెండోది మొదటినుంచి రాశాను. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంది. దానికి సిరా పోయడానికి సీసా వెతకాల్సి వచ్చింది. నిన్న పెద్ద మేడం బల్ల మీద తడి ప్యాడ్ ఉన్నది, ఐదు నిమిషాల పని. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మే అనేది. ఆమె దగ్గర ఆ మాట నేర్చుకోలేదు, మంగళవారం పట్టింపు మాత్రం నేర్చుకున్నాను.

పెట్టెతో సహా ముగ్గురం ఆటోలో మల్కాజ్‌గిరి వెళ్లాం. పెద్ద మేడం దవాఖానకు వెళ్లారని, వచ్చేస్తారని వాళ్లింట్లో చెప్పారు. మోకాళ్లకు ఏదో వేడి పెట్టించుకోవాలట. వాకిట్లో రెండున్నర గంటలు కూర్చున్నాం. పిల్ల మెడలో తాళంచెవితో పెట్టె తీసి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, మళ్లీ వేసింది. అలా మూడుసార్లు. సంతకం అయ్యేసరికి ఒంటిగంట దాటింది. వాళ్లను బస్సెక్కించాను. కిటికీలోంచి పిల్ల నాకు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి చూసి నేను అంతా సర్దుకుందనే అనుకున్నాను.

ఆయన మళ్లీ కనిపించింది శుక్రవారం. టీసీ చేతిలోనే ఉంది.

"చేరేసరికి ఆరు కావొచ్చింది మేడం. రెండో బస్సు లేటయింది. రిజిస్టరు మూసిన్రు. చుట్టాలింట్ల పండి పొద్దుగాల మల్ల పోయినం. రెండో లిస్టుల ఇంకో పిల్లకు ఇచ్చిండ్రట. సారు మంచోడే, ఆయన గూడ ఏం జేస్తడు."

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను కూడా. ఈలోపు ఆయనే అన్నాడు. "మీరు బంద్ నాడు గూడ మాకోసం ఊరంత తిరిగిండ్రు. మా ఇంటిది నిన్నటిసంది అంటున్నది, ఆ మేడం లెక్క ఎవరు జేస్తరు అని. మిమ్ముల మర్వం."

తెరిచిన నోరు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా మూసుకున్నాను. శుక్రవారం టీసీ ఇవ్వను గానీ వెనక్కి తీసుకోవడానికి నాకు ఏ పట్టింపూ లేదని అప్పుడే తెలిసింది. దాన్ని టీసీ పుస్తకంలో, చింపిన చోట మిగిలిన ముక్క పక్కనే జిగురుతో అతికించి 'రద్దు' అని రాశాను. అలాంటివి ఆ వారంలో రెండు, రెండూ ఆ పిల్లవే. అడ్మిషన్ రిజిస్టర్‌లో దాని పేరు మీద గీసిన ఎర్రగీత పక్కన 'కొనసాగుచున్నది' అని రాసి సంతకం పెట్టాను.

ఐదో తరగతి గది నా కిటికీలోంచి కనిపిస్తుంది. దసరా దాకా ఆ తాళంచెవి దాని మెడలోనే ఉంది. పెట్టె ఏం చేశావు పాపా అని ఒకసారి అడిగితే, అమ్మ బియ్యం పోసుకుంటున్నది మేడం అంది. కరోనా వచ్చినప్పుడు గురుకులాల పిల్లల్ని కూడా ఇళ్లకు పంపేశారని టీవీలో చూసి, చూశావా, వెళ్లినా తిరిగి వచ్చేదే కదా అనుకున్నాను. పదిమంది కష్టంలో నా తప్పుకు చాటు వెతుక్కున్నాను, అంతే. మా అమ్మాయి పాత పుస్తకాలు తెచ్చి దానికిచ్చాను. అది బాగా చదివింది. ఏ ఏడూ వెనకబడలేదు. అదే చదువు నిమ్మళంగా కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని చదివేది కదా అని నాకనిపించేది, మెట్ల మీద కాకుండా.

మరి ఆ తర్వాతైనా మారానా అంటే, పూర్తిగా మారలేదు. ఆఖరు తేదీ ఎప్పుడని ముందు అడగడం మొదలుపెట్టాను. రేపే అంటే ఏ వారమైనా ఇచ్చేసేదాన్ని, లోపల దేవుడికి దండం పెట్టుకుని. గడువుంటే మాత్రం పాత పాటే. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా.

ఇప్పుడు టీసీ కాగితం ఒక్కటే చాలదు. కంప్యూటర్‌లో పిల్లకో నంబరుంటుంది. మేం ఇక్కడ వదిలితేనే అవతలి బడివాళ్లు అక్కడ తీసుకోగలరు. కాగితం రాయడం కన్నా ఆ తెర తెరుచుకోవడానికే ఎక్కువసేపు పడుతుంది. దానికి మాత్రం మంగళవారం, శుక్రవారం తెలియవు.

పోయిన జూన్‌లో ఆ అమ్మాయి పది పాసై వచ్చింది, వాళ్ల నాన్నతో. ఇప్పుడు తండ్రి భుజం దాటింది. ఇంటర్‌కి గురుకులం కాలేజీలో సీటు తెచ్చుకుంది. టీసీతో పాటు ఎక్కడెక్కడ చదివిందో చెప్పే బోనఫైడ్ కూడా కావాలి. మిగతా పిల్లలకు అందులో మూడు బళ్లు, నాలుగు బళ్లు ఉంటాయి. దానికి ఒకటే వరస. ఒకటి నుంచి పది వరకు ఈ పాఠశాలలోనే. ఆ ఒక్క వరస రాసి నేను పెన్ను ఆపాను.

"రాసి పెట్టుండ్రి మేడం. రేపొచ్చి తీస్కపోతం" అన్నాడు ఆయన.

"రేపెందుకు? ఇప్పుడే ఇస్తాను."

"ఇయ్యాల మంగళారం గద మేడం. శనారం దాక టైమున్నది."

ఆ మాట విన్నాక ఇక దాచడం నా వల్ల కాలేదు. ఆరేళ్లుగా లోపల ఎన్నోసార్లు చెప్పుకున్న మాటలు, బయటికి మాత్రం గబగబా వచ్చాయి.

"ఆరేళ్ల కింద మీరొచ్చింది కూడా మంగళవారమే. ఆరోజు పెద్ద మేడం పక్క గదిలోనే ఉన్నారు. సంతకం ఐదు నిమిషాల పని. మంగళవారమని నేనే ఇవ్వలేదు. పాప సీటు పోయింది నా వల్ల. బంద్ వల్ల కాదు."

ఆయన అరుస్తాడనుకున్నాను. ఆయన నవ్వాడు, నన్ను ఊరడిస్తున్నట్టు.

"గంతేనా మేడం? నాకు నాడే సమజైంది. లోపల పెద్ద మేడం దగ్గుడు ఇనబడె. మీరు రేపు రమ్మంటే నా పానం నిమ్మళమైంది. మంగళారం ఆడిపిల్లను ఎట్ల తోలుడని నేనే పరేషానైతుంటి. మీరే అంటిరి, మంచిగైంది అనుకున్న. మీరేం మనసుల పెట్టుకోకుండ్రి."

నిజం చెప్పాలి, ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. తప్పు సగమైందనుకున్నాను. ఆ తర్వాత ఆ అమ్మాయి మొహం చూశాను.

అది వాళ్ల నాన్న వైపు చూస్తోంది. "బంద్ జేసిండ్రని జెప్తివి గద బాపు."

"బంద్ గూడ ఉండె బిడ్డా."

నా వైపు తిరిగింది. "నేను ఆనాడే ఇయ్యమన్న గద మేడం."

"అన్నావు" అన్నాను.

నేను టీసీ పూర్తిచేసి, పెద్ద మేడం గదిలోకి వెళ్లి సంతకం పెట్టించుకుని వచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రిజిస్టర్ తిప్పి, ముట్టినట్టు ఎక్కడ సంతకం పెట్టాలో దానికి చూపించాను.

"పెన్నియ్యండి మేడం" అంది.

సంతకం పెట్టింది. కింద తేదీ వేసింది. ఎవరూ అడగకపోయినా ఆ తేదీ పక్కన, కొట్టివేతలు లేకుండా, మంగళవారం అని రాసింది.